మూడింటి వాన

వీడియోల గురించి మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే. నా పెళ్లి వీడియోలో పెళ్లికొడుకు వీపు చాలా స్పష్టంగా పడింది. అది తీసిన పోలియెన్‌దీ, తైవాన్‌లో కీలుంగ్ రేవు వెనక సందులో రెయిన్‌కోట్లు కుట్టే యూచిన్ పిన్నిదీ ఈ కథ.

పిన్ని ఎనిమిదింటికి షట్టరు ఎత్తుతుంది. కుట్టుమిషన్‌కి నూనె వేస్తుంది. పన్నెండింటికి చేపముద్దల సూపు తాగుతుంది. మూడింటికి పది నిమిషాల ముందు కొట్టులో నాలుగు బకెట్లు పరుస్తుంది, ఎందుకంటే మూడింటికి లోపల వాన పడుతుంది. పైకప్పు గట్టిదే. పై అంతస్తు పళ్ల డాక్టరు గది ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. ఇరవై నిమిషాలు కురిసి ఆగిపోతుంది. బేరానికొచ్చినవాళ్లు అంతసేపూ గుమ్మంలో నిలబడి ఫోన్లు చూసుకుంటారు.

ఆ శుక్రవారం సాయంత్రం ఐదులోపల జాలర్ల సంఘానికి రెండు నిమిషాల వీడియో పంపాలి. వాళ్లకి మూడు వందల రెయిన్‌కోట్లు కావాలి. నమూనా కోటు ముందే వెళ్లింది. ఈ ఆర్డరు రాకపోతే నెలాఖరుకి కొట్టు పాల టీ దుకాణం వాళ్లకి పోతుంది. వాళ్లు అప్పుడే టేపుతో గోడలు కొలుచుకున్నారు. నీళ్ల ఖర్చు కలిసొస్తుందని మురిసిపోయారు కూడా.

అసలు వీడియో ఏ పద్ధతిలో ఉండాలో తేలక పోలియెన్ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

సోమవారం, మనిషి కెమెరాలోకి చూసి మాట్లాడితే నమ్మకంగా ఉంటుందన్నాడు. పిన్ని పౌడరు రాసుకుని కాగితం చదివింది. కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు వచ్చింది.

మంగళవారం కదిలే బొమ్మలు. పసుప్పచ్చ రెయిన్‌కోటు వేసుకుని ఒక చేప గంతులేసింది.

"చేపకి రెయిన్‌కోటు ఎందుకురా?"

"సరదాకి పిన్నీ."

"చూసేది జాలర్లు. చేప అంత సరదాగా బతికుంటే వాళ్లేం తింటారు?"

బుధవారం తెల్లబోర్డు మీద చెయ్యి బొమ్మ గీస్తూ వివరించే పద్ధతి. వాడు గీసిన కోటు అచ్చం టీ కెటిల్‌లా ఉంది. గురువారం వాడినవాళ్లు మెచ్చుకునే పద్ధతి. వేరే ఎవరూ దొరక్క నన్ను పిలిచారు. "ఈ కోటు నా జీవితాన్నే మార్చేసింది" అని ఏడుసార్లు చెప్పాను. ఏడుసార్లూ నాకే నవ్వొచ్చింది.

పద్ధతి ఏదైనా ఒక జాగ్రత్త మాత్రం తప్పలేదు. షూటింగ్ పొద్దున్నే పెట్టుకుని, బకెట్లు దాచి, నేల తుడిచేవాళ్లం. తడి కనిపిస్తే పరువు పోతుందని పిన్ని భయం. రెయిన్‌కోటు వీడియోలో నీటి చుక్క పడకూడదని నాలుగు రోజులు ఒళ్లు దాచుకోకుండా కష్టపడ్డాం. తుడిచిన గుడ్డ నాదే.

శుక్రవారం మళ్లీ మొదటి పద్ధతికే వచ్చారు. లైటు సరిగ్గా లేదని, గొంతు పలకలేదని తీసిందే తీశారు. గడియారం ఎవరూ చూడలేదు. బకెట్లు పరవలేదు. దబదబా మొదలైంది.

పోలియెన్ చొక్కా విప్పి లైట్ల మీద కప్పాడు. కెమెరాకి ప్లాస్టిక్ తొడుగు ఎటూ ఉంది. కెమెరాని ఆపడం మాత్రం మర్చిపోయాడు. పిన్ని చేతికందిన కోటు వేసుకుని, మిషన్ మీద గుడ్డ కప్పుతూ అందుకుంది:

"కోటు వేసుకోరా అంటే వినవు! ఇటు చూడు, మెడ దగ్గర రెండు వరసలు కుట్టాను, చుక్క దిగదు. మణికట్టుకి ఈ పట్టీ ఎందుకనుకున్నావ్? వల లాగేటప్పుడు నీళ్లు మోచేతిదాకా పోకుండా! తడిసిన కోడిలా నిలబడ్డావు, నీకు చెప్పి ఏం లాభం!"

నాలుగున్నరకి ముగ్గురం అది చూశాం.

"ఇదే పంపుదాం," అన్నాడు పోలియెన్.

"మతి పోయిందా? నిన్ను తిడుతున్నాన్రా అందులో! పౌడరు రాసుకున్న ముఖం కూడా లేదు, అంతా వీపే."

"నాకు వచ్చిన పద్ధతి అదొక్కటే పిన్నీ," అన్నాడు, నాకేసి చూడకుండా.

ఐదుకి రెండు నిమిషాలుండగా పంపాడు. పంపాక మూడుసార్లు వెనక్కి తీసుకోబోతే పిన్నే చెయ్యి పట్టుకుంది. శని, ఆదివారాలు రెండు రోజులూ ఆవిడ కుట్టిన కుట్టే విప్పి మళ్లీ కుట్టింది.

సోమవారం సంఘం గదిలో ఆర్డరు కోసం పోటీపడ్డ తొమ్మిది కొట్లవాళ్ల వీడియోలు వేశారు. పిన్నిది ఆఖరుది. అందులో వాన మొదలవగానే గదిలోనూ మొదలైంది. సభ్యులు టీ కప్పులు పక్కకి జరుపుకున్నారు. తలల మీద పెట్టుకున్న రంగు రంగుల కరపత్రాలు నానిపోయాక, గోడకి తగిలించిన తొమ్మిది నమూనా కోట్లూ తలా ఒకటి వేసుకుని కూర్చున్నారు. ఇరవై నిమిషాలకి ఆగింది. ఎనిమిది మంది మెడల్లోంచి వీపుదాకా నీళ్లు. కార్యదర్శి తూ గారు మాత్రం కోటు గుండీ విప్పి, చొక్కా జేబులోంచి సిగరెట్టు తీసి వెలిగించుకున్నారు.

ఫోను వచ్చేసరికి మూడుకి పది నిమిషాలుంది.

"మూడు వందలు ఖాయం యూచిన్ గారూ," అన్నారు తూ గారు. "కానీ బకెట్లు పెట్టుకోండని ముందు ఒక మాట చెప్పాలి కదమ్మా."

"చెప్పానండీ, మా కెమెరా వాడు అది కత్తిరించేశాడు," అంది పిన్ని తడుముకోకుండా, నాలుగో బకెట్టుని కాలితో దాని చోటికి నెడుతూ.