పళ్ళ డాక్టరు చిగుళ్ళు

ఏళ్ళ తరబడి ఊరందరి నోళ్ళలో చేతులు పెట్టి బతికిన పళ్ళ డాక్టరుగారికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు. వణికే చేత్తో డ్రిల్లు పట్టుకున్నవాడి ముందు నోరు తెరిచే ధైర్యం ఎవడికుంటుందని తనే నవ్వి, కుర్చీని కూతురికి అప్పగించి, ముందుగదిలో టోకెన్లిచ్చే పనిలో చేరాడు. టోకెన్లూ చేతిలో నిలవలేదు.

మందులు సరిగా పనిచెయ్యక, పరిశోధన ఆసుపత్రివాళ్ళు అడిగితే ఒప్పుకున్నాడు. ల్యాబులో పెంచిన నాడీకణాలను ఆయన మెదడులో నాటారు. అవి పరాయి మనిషివి. ఒంట్లోని రోగనిరోధక శక్తి వాటిని చంపెయ్యకుండా దాన్ని అణిచే మాత్రలిచ్చి, జలుబు చేసినవాళ్ళ దరికి వెళ్ళొద్దన్నారు. జనం నోళ్ళలోకి తొంగిచూసి బతికినవాడికి ఎవరు తుమ్మినా పారిపోయే రాత పట్టిందని ఆయన అందరికీ చెప్పుకున్నాడు.

నెలలు గడిచినా చెయ్యి అలాగే ఉంది, చిగుళ్ళు మాత్రం ఉబ్బి పళ్ళమీదికి పాకాయి. ఆ మాత్రలతో కొందరికి అలా అవుతుందని చదువుకున్నవాడే. అయినా కూతురికి చెప్పలేదు. పళ్ళ డాక్టరుకే చిగుళ్ళు చెడ్డాయంటే పరువేం కాను? నవ్వడం మానేసి మూతి బిగించుకు తిరిగాడు. అలిగాడనుకుని భార్య కొన్నాళ్ళు బతిమాలింది. ఆ మర్యాదేదో బాగుందని ఆయనా నిజం చెప్పలేదు. చివరికి వాష్‌బేసిన్లో రక్తం చూసి ఆవిడే కూతురిని పిలిచింది.

కూతురు ఆసుపత్రివాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పిన యాంటీబయాటిక్ వేయించి, తండ్రిని ఆయన పాత కుర్చీలోనే పడుకోబెట్టింది.

"ఏం నొప్పుండదు నాన్నా."

"అబద్ధం. నీకు నేర్పింది నేనే."

మత్తు సూది వేసి శుభ్రం చేస్తూ ఆమె ఉన్నట్టుండి ఆగిపోయింది. పన్నేదో ఊడిందనుకుని ఆయన బిగుసుకుపోయాడు.

"చెయ్యి చూసుకో నాన్నా."

ఊరికే ఉన్నప్పుడే ఎక్కువగా వణికే ఆ చెయ్యి కుర్చీమీద నిమ్మళంగా పడుంది. చిటికెన వేలొక్కటే కాస్త కదులుతోంది. నోట్లో ఉమ్మి లాగే గొట్టం ఉండటంతో ఏడవడానికీ వీల్లేక, కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. నొప్పా అని ఆమె అడిగితే కాదన్నట్టు తల ఊపి, కదిలినందుకు చీవాట్లు తిన్నాడు.

తర్వాత డాక్టర్లు మాత్ర మార్చారు. స్కానులో కణాలు బతికే ఉన్నాయట. ఎన్నాళ్ళు పనిచేస్తాయో తమకూ తెలియదన్నారు.

ఇంటికొచ్చి భార్యకు టీ తనే కలిపి తెచ్చాడు. సాసర్లోకి కాస్త ఒలికింది.

"వణికిందా?" అందావిడ నెమ్మదిగా.

"లేదు. గొప్ప చూపిద్దామని అంచుదాకా పోశాను."