గంటా నలభై నిమిషాలు

కార్యాలయంలో అందరూ ఆమెను టీచరమ్మ అనేవారు. లెక్కల ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేశాక, నగరాల మధ్య దూరమూ విమాన ప్రయాణ సమయమూ చూపే వెబ్‌సైటులో అంకెలు సరిచూసే పనికి కుదిరింది. పటం మీద రెండు నగరాలను కలిపే సరళరేఖ పొడవు. దాన్ని విమాన వేగంతో భాగించి, ఎగరడానికీ దిగడానికీ మరో అరగంట కలపాలి. తప్పు లేకుంటే పచ్చ టిక్కు. నాలుగేళ్లలో ఒక్క టిక్కూ వెనక్కి తీసుకోవలసి రాలేదు.

వేరే నగరంలో ఉండే చెల్లెలికి శుక్రవారం పదకొండు గంటలకు మోకాలి ఆపరేషన్. అరవై దాటినా ఆమెకు సూది పేరెత్తితే గుండె జారిపోతుంది.

"మత్తిచ్చే ముందు నీ మొహం కనబడాలక్కా. లేకపోతే లేచి ఇంటికెళ్లిపోతా," అంది ఫోనులో.

"ఆ కాలేసుకుని ఎంతదూరం వెళ్తావే? గంటా నలభై నిమిషాల ప్రయాణం. పొద్దున్నే బయల్దేరి తొమ్మిదిన్నరకల్లా నీ మంచం పక్కనుంటా."

"ఎవరు చెప్పారు?"

"నేనే సరిచూశాను."

గురువారం మధ్యాహ్నం తీరిగ్గా టిక్కెట్టు కొనబోయింది. ఆ రెండు నగరాల మధ్య విమానమే లేదు. మూడో నగరం చుట్టి వెళ్తే మర్నాడు ఒంటిగంటకు చేరవచ్చు. కొండలు చుట్టివచ్చే రైలూ అంతకు ముందు చేరదు.

మేనేజరు గదికి వెళ్లింది.

"విమానం లేని చోటికి ప్రయాణ సమయం ఎలా వేశాం?"

"ఉందని ఎక్కడ రాశాం మేడమ్? ఎగిరితే ఎంతసేపు పడుతుందో చెప్పాం, అంతే."

"ఎవరు ఎగిరితే?"

అతను కాస్త ఆలోచించాడు. "కాకి అనుకోండి."

"కాకులు మన పేజీలు చదవవు బాబూ."

మెట్లు దిగుతుంటే ఆ కోపంలో సగం తనకే చెందుతుందని తెలిసింది. దూరం సరైనదే, భాగహారమూ సరైనదే. బస్సులో ముప్పై ఏడున్నర మంది ప్రయాణికులున్నారని జవాబు రాసిన పిల్లలకు ఆమె ఏనాడూ సున్నా తప్ప వేయలేదు. లెక్క సరిపోయినంత మాత్రాన మనిషి సగం కాడని చెప్పేది. తన టిక్కు కింద అసలు విమానముందా అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

శుక్రవారం ఆసుపత్రి చేరేసరికి రెండు కావస్తోంది. చెల్లెలు కట్టుతో పడుకుని, మత్తు వదలని కళ్లు సగం తెరిచింది.

"ఏమక్కా, గంటా నలభై నిమిషాలు ఇప్పటికయ్యాయా?"

"లేచి వెళ్లిపోతానన్నావుగా?"

"ఆలస్యమవుతుందని నువ్వు ఫోను చేసినా నేను నమ్మలేదు. డాక్టరుకు పది నిమిషాలు నచ్చజెప్పాను, మా అక్క లెక్క తప్పదని. ఆయన ఆగలేదు."

"మరి ఎవరి మొహం చూశావే?"

"గోడ గడియారం. ఆ గదిలో అదొక్కటే నీలా ఉంది."

చెల్లెలు మళ్లీ నిద్రలోకి జారింది. ఆమె చేయి వదలకుండా, టీచరమ్మ ఎడమచేత్తో ఫోనులో ఆ పేజీ తెరిచి పచ్చ టిక్కు తీసేసింది. కారణం అడిగిన గడిలో 'విమానం లేదు' అని రాసింది.

ఆమె టిక్కు పెట్టిన పేజీలు పదకొండు వేల పైచిలుకు. తరువాతిది తెరిచింది. ఈసారి దూరం చూడలేదు. ముందు విమానం కోసం వెతికింది.