ఫీజు ఆఫీసుది, చదువు మా ఆయనది

మా ఇంట్లో ఎమ్మే నేను చదివాను, మా ఆయన పాసయ్యారు. ఇందులో మోసమేమీ లేదని మొదట్లో ఇద్దరం ఒకరికొకరు గట్టిగానే నచ్చచెప్పుకున్నాం.

డిగ్రీలో నేను చదివింది ఆర్థికశాస్త్రం. పెళ్లయ్యాక ఆ శాస్త్రమంతా గ్యాసు బండని నెలాఖరుదాకా లాక్కురావడానికి పనికొచ్చింది. పైచదువు మీద ఆశ మాత్రం చావలేదు. యూనివర్సిటీలో సాయంకాలం క్లాసులు జరుగుతాయి, నలభై నిండనివాళ్లు ఎవరైనా చేరొచ్చు. ఆ మాట ఎప్పుడు కదిపినా "ఫీజు ఎవడు కడతాడు?" అనేవారు మా ఆయన. అత్తయ్య మందులకీ ఇంటద్దెకీ పోను మిగిలేదెంతో ఆయనకంటే నాకే బాగా తెలుసు. అందుకని నోరు మూసుకునేదాన్ని. లెక్కలొచ్చినవాళ్లకి అదో శిక్ష.

మా ఆయన ఫ్యాక్టరీలో జీతాల సెక్షన్లో గుమాస్తా. ఓ రోజు చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వచ్చేశారు.

"ఏమోయ్, మావాళ్లు కొత్త రూలు పెట్టారు. ఉద్యోగి ఎమ్మే చదివితే ఫీజు ఆఫీసే కడుతుందిట. ఫస్టు క్లాసులో పాసైతే ప్రమోషను."

"ఉద్యోగి పెళ్లాం చదివితే?"

"ఆ రూలు ఇంకా రాలేదు."

"వచ్చినప్పుడు చెప్పండి, తాలింపు మాడిపోతోంది."

"అబ్బ, పూర్తిగా విను. నేను చేరతాను. పుస్తకాలు ఇంటికే పంపిస్తారు, క్లాసుల గొడవ లేదు. నీ సబ్జెక్టే తీసుకుంటాను. నువ్వు కాస్త సాయం పట్టావంటే గట్టెక్కేస్తా. జీతం పెరుగుతుంది. దాంతో నువ్వు చేరు. నీకు నలభై నిండడానికి ఇంకా మూడేళ్లుందిగా!"

"ఫస్టు క్లాసు రాకపోతే?"

"రాకపోతే కట్టిన ఫీజంతా నా జీతంలోంచి కోసేస్తారు. అందుకే నిన్ను అడుగుతోంది" అన్నారు.

అంత నిజాయితీగా మా ఆయన నన్ను ఏదీ అడిగి ఎరగరు. సరేనన్నాను.

కాస్త సాయం అంటే ఇదీ: పుస్తకాలు నేను చదవాలి. ఇంటికి పంపే ప్రశ్నలకి జవాబులు ఆయన చేతిరాతలో నేనే రాయాలి. పరీక్ష మాత్రం ఆయన రాస్తారు. మా ఆయన్ని తక్కువ చెయ్యకూడదు, జ్ఞాపకశక్తి అమోఘం. ఒకసారి చెప్పింది కామాలతో సహా ఒప్పజెప్తారు. అర్థం అడక్కూడదు, అంతే. నేను గిన్నెలు తోముతూ పాఠం చెప్పేదాన్ని. ఆయన కుర్చీలో కూర్చుని చిలక్కి మల్లే అప్పజెప్పేవారు. పక్కగదిలో మంచం మీంచి అత్తయ్య కేకేసేది.

"అమ్మాయ్, వాడు చదువుకుంటున్నాడు, ఆ గిన్నెల చప్పుడేమిటే? పాపం, చదివి చదివి బిడ్డ సగమైపోయాడు!"

బిడ్డ ఆ ఏడాది బెల్టుకి కొత్త రంధ్రం పెట్టించుకున్నారు, కొసవైపు.

"మరీ బాగా రాయకు, అనుమానం వస్తుంది" అనేవారు. అందుకని పేజీకి రెండు తప్పులు జాగ్రత్తగా నాటేదాన్ని. ఒకసారి జవాబు పత్రం దిద్ది తిప్పి పంపుతూ లెక్చరరు కింద ఎర్రసిరాతో రాశాడు: 'ఆలోచన లోతుగా ఉంది. అక్షరదోషాలు చూసుకోండి.' నా ఆలోచనని మెచ్చుకున్నవాళ్లు పెళ్లయ్యాక అతనొక్కడే. కాగితం పట్టుకుని నిలబడిపోయాను. మా ఆయన నా భుజం మీంచి చదివి, "చూశావా, నాది లోతైన ఆలోచనట!" అన్నారు.

నవ్వాననుకుంటాను.

రెండో ఏడు వచ్చేసరికి ఆయనకి సబ్జెక్టు ఒంటబట్టింది. అంటే నన్ను దిద్దడం మొదలుపెట్టారు. "అలా కాదోయ్, ఆ సూత్రం నీకు సరిగ్గా అర్థంకాలేదు" అని, నిన్న నేను చెప్పిన వాక్యమే ఇవాళ నాకు చెప్పేవారు. పరీక్షల ముందు నాకో దుర్బుద్ధి పుట్టింది. ఒక్క పాఠం తలకిందులుగా చెప్తే చాలు, ఆయన తలకిందులుగానే రాసివస్తారు. కానీ కోతపడితే పోయేది ఆయన పరువూ, నా ఎమ్మేనూ. తిన్నగానే చెప్పాను.

ఫస్టు క్లాసు వచ్చింది. ప్రమోషనూ వచ్చింది. ఆ నెలలోనే అత్తయ్య స్నానాల గదిలో జారిపడింది. తుంటికి ఆపరేషను. పెరిగిన జీతం వచ్చింది వచ్చినట్టే ఆసుపత్రికి నడిచింది. ఎవర్ని ఏమనగలం? ముసలావిడ కావాలని పడలేదు కదా.

ఈ ఏడు దాటితే నాకు నలభై నిండుతాయి. ప్రవేశ పరీక్ష రాశాను, సీటు వచ్చింది. ఫీజు మొదటి వాయిదా కట్టడానికి శుక్రవారం ఆఖరు. సరిగ్గా ఆ శుక్రవారమే ఫ్యాక్టరీలో మా ఆయనకి సన్మానం పెట్టారు. ఉద్యోగం చేస్తూ చదువుకున్నందుకు.

"కవర్లో డబ్బు పెట్టి ఇస్తారుట. నీ వాయిదాకి సరిపోతుంది" అన్నారు.

"నిజంగానా?"

"అమ్మతోడు. ఆ కవరు నీది. ఉపన్యాసం మాత్రం బాగా రాసిపెట్టు. 'ఉద్యోగం చేస్తూ నేనెలా చదివాను' అని మాట్లాడాలిట. నాకేం తెలుసు?"

రాసిచ్చాను. "ఇంట్లోవాళ్ల గురించి కూడా ఒక ముక్క పెట్టవోయ్" అంటే, "అదొక్కటీ మీరే చెప్పండి" అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని, సర్టిఫికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని ముందుగదిలో కూర్చున్నాను. యూనివర్సిటీ కౌంటరు అయిదింటికి మూసేస్తారు. మా ఆయన నాలుగు దాటాక వచ్చారు. చేతిలో పేరు చెక్కిన ఇత్తడి బిళ్ల, మొహంలో నూరు వాట్ల దీపం.

"చప్పట్లు చూడాల్సిందోయ్ నువ్వు! ఎక్కడా తడబడలేదు. ఇంట్లోవాళ్ల మాట కూడా చెప్పాను. 'మా ఆవిడ వేళకి టీ ఇచ్చేది' అన్నాను. హాలంతా ఒకటే నవ్వు."

రెండేళ్ల చదువులో ఆయన సొంతంగా కట్టిన వాక్యం అదే. తప్పులేమీ లేవు.

"కవరేదీ? టైమైపోతోంది."

ఆయన అప్పుడు చెప్పులు విప్పడం మొదలుపెట్టారు. చాలాసేపు విప్పారు.

"అదే చెప్తున్నా. కవరు చేతికిచ్చి పెద్ద మేనేజరుగారు మైకులోనే అడిగేశారు, ఈ డబ్బు ఏం చేస్తావయ్యా అని. అందరూ నా వంకే చూస్తున్నారు. అంతమందిలో మా ఆవిడ ఫీజుకండీ అంటే ఏం బాగుంటుంది? కార్మికుల పిల్లల చదువుల నిధికి ఇచ్చేస్తున్నానండీ అన్నాను. లేచి నిలబడి కొట్టారే చప్పట్లు!"

వీధిలోకి వెళ్లి, ఈయన ఎమ్మే చదివింది నేనని అరవాలనిపించింది. అరిస్తే ఆయన ఉద్యోగం పోతుంది. కట్టిన ఫీజంతా వెనక్కి లాక్కుంటారు. దొంగరాత ఎవరిదని అడుగుతారు, అది నాది. తేలుకుట్టిన దొంగకి ఏడుపుకూడా లోపలే.

"అయినా నువ్వు మళ్లీ చేరడమెందుకోయ్?" ఆయన గొంతు తగ్గించి, అనునయంగా అన్నారు. "పుస్తకాలన్నీ చదివేశావాయె. ఇప్పుడు కొత్తగా వాళ్లు నీకు చెప్పేదేముంటుంది? ఒకే చదువుకి ఇంట్లో రెండుసార్లు డబ్బు పొయ్యడం... దుబారా కాదూ?"

లోపలినుంచి అత్తయ్య, "అమ్మాయ్, ముస్తాబయ్యావు, ఎక్కడికే?" అంది.

"ఎక్కడికీ లేదత్తయ్యా."

బట్టలు మార్చుకుని పొయ్యి మీద పాలు పెట్టాను. ఆయన వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

"అసలు సంగతి మర్చేపోయా. పీహెచ్‌డీ చేస్తే దానికీ ఆఫీసే కడుతుందిట. మొత్తం ఫ్యాక్టరీలో నాకొక్కడికే! ఈసారి టాపిక్కు నీ ఇష్టం. నీకేది చదవాలనుంటే అదే పెట్టుకుందాం. నేను అడ్డుచెప్పను."

"నావల్ల కాదు" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆయన ముందుగదిలోకి వెళ్లిపోయారు. పాలు పొంగేలోపు టాపిక్కు తట్టింది. మొగుళ్ల డిగ్రీల్లో పెళ్లాల చాకిరీ ఖరీదెంత అని. మంచి టాపిక్కు, ఇంతవరకూ ఎవరూ ముట్టుకోనిది. స్టవ్ కట్టేసి, ఇది మాత్రం ఆయనకి ఏడు జన్మలెత్తినా అర్థంకాదని సంబరపడబోయాను. అంతలో, ఆయన్ని కూర్చోబెట్టి అప్పజెప్పించుకోవాల్సింది నేనేగా అని గుర్తొచ్చింది.