మలుపులో గొడుగు

ముందు గాలి వస్తుంది.

ఫ్లైఓవర్ కింద నుంచి, లారీల షెడ్డు దాటి, డీజిల్ వాసన మోసుకుంటూ వస్తుంది. చెవుల్లో దూరుతుంది. జుట్టంతా మొహం మీదకి తోస్తుంది. కళ్ళు మూసుకోవాలనిపిస్తుంది —

మూసుకోకూడదు.

చిన్నది గోడకి ఆనుకుని నిలబడుతుంది. కాస్త అవతల, టైర్ల కొట్టు పక్కన, అక్క నిలబడుతుంది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. తోడు నిలబడింది.

అక్క ఈ పని మానేసి చాలా కాలమైంది. మోకాళ్ళు అరిగాయి, ఓపిక అరిగింది. "ఇప్పుడు నన్నెవరెక్కించుకుంటారే, ఆటోవాడు తప్ప," అని నవ్వుతుంది. పగలంతా ఇద్దరూ ఉండే ఒంటిగదిలో కూర్చుని టైలరు కొట్టుకి కాజాలు కుడుతుంది. పొద్దువాలగానే చిన్నదానితో పాటు మలుపుకొస్తుంది.

వచ్చి ఆమె చేసే పని ఒక్కటే. చూడటం.

కారు ఆగుతుంది. చిన్నది వంగి మాట్లాడుతుంది. తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు అక్క పసుపు గొడుగు విప్పుతుంది. వాన ఉన్నా, లేకపోయినా. అంత పెద్ద గొడుగుని చూడలేదని ఎవడూ అనలేడు. కారు ముందు నిలబడి, లోపలున్నవాడికి వినపడేలా నంబరు పైకి చదువుతుంది. అంకె అంకె విడదీసి.

"బావగారూ, మా చెల్లెలు జాగ్రత్త. మీ బండి నంబరు నాకు నోటికొచ్చేసింది. మొహం కూడా వచ్చేసిందిలెండి."

కొందరు నవ్వుతారు. కొందరు లోపలే తిట్టుకుంటారు. ఒక్కోడు చిన్నదాన్ని దింపేసి వెళ్ళిపోతాడు.

"పోనీవే వెధవని. బావా అంటేనే బెదిరిపోయాడు, వాడేం మనిషి?"

అలా వెళ్ళిపోయినవాళ్ళ గురించి చిన్నది ఎక్కువ ఆలోచించదు. ఆలోచిస్తే ఒళ్ళు చల్లబడుతుంది.

ఆ మలుపులో అందరిదీ ఇదే పద్ధతి. ఒకరు ఎక్కితే ఒకరు చూస్తారు. ఎవరూ నేర్పలేదు. ఎప్పటినుంచో అలాగే.

గాలి కూడా ఎప్పటినుంచో అలాగే.

కొత్త చట్టం సంగతి సంఘంలో తెలిసింది. టైలరు కొట్టు పైన, ఇనప మెట్లెక్కితే వచ్చే గది — అదే మలుపు ఆడవాళ్ళ సంఘం. ఇప్పటిదాకా రోడ్డు మీద నిలబడితే జరిమానా. ఇకమీదట జైలు. నగర కౌన్సిల్ అనుకున్నది అది.

"ఓటింగుకి ముందు జనం మాట వింటారట. మనమూ జనమేగా. వెళ్దాం," అంది లాయరమ్మ. సంఘం కేసులన్నీ ఆమే చూస్తుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ పెన్ను మూత కొరుకుతుంది.

వెళ్దాం అన్నారు అందరూ. అట్టలు కోశారు, రంగులు తెచ్చారు, నినాదాలు రాశారు. ఎవరు మాట్లాడతారు అనేసరికి — ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

ఒకామెకి ఇంటి ఓనరు భయం. ఒకామెకి కూతురి స్కూలు భయం.

అక్క చెయ్యెత్తింది.

"నేను మాట్లాడతా. నేనిప్పుడు పని చెయ్యట్లేదుగా. నన్నేం చెయ్యగలరు?"

నిజమే కదా అనుకున్నారు. లాయరమ్మ కూడా అనుకుంది. అందరూ అనుకున్నారు.

కాగితం రాసిచ్చింది లాయరమ్మ. "అక్కా, ఇందులో ఉన్నది చదవండి చాలు. మించి ఒక్క ముక్క వద్దు."

"అలాగేనమ్మా."

కౌన్సిల్ హాలు చల్లగా ఉంది. గాలి లేని చల్లదనం.

షాపులవాళ్ళు మాట్లాడారు. మా పిల్లలు ఆ దారినే నడవాలండీ అన్నారు. అరవలేదు, మర్యాదగానే అన్నారు. తర్వాత అక్క మైకు ముందుకెళ్ళింది. కాగితం పైకెత్తి చదివింది. హక్కు... భద్రత... గౌరవం... పెద్ద పెద్ద మాటలు. ఒక సభ్యుడు ఫోను చూసుకుంటున్నాడు. ఇంకొకాయన ఆవలించాడు.

అక్క కాగితం మడిచేసింది.

"ఇది కాదండీ. అసలు సంగతి నేను చెప్తా."

చెప్పింది. గొడుగు గురించి చెప్పింది. నంబరు గురించి చెప్పింది. బావగారూ అనగానే హాలంతా నవ్వింది. ఫోను చూసుకునేవాడు తలెత్తాడు. చైర్మన్ కూడా నవ్వాడు.

"ఒకరోజు ఒక కారు వెళ్ళాల్సిన వైపు వెళ్ళలేదండీ. వంతెన వైపు తిరిగింది. నేను నంబరు అరుస్తూ వెనకాల పరిగెత్తా. లారీ డ్రైవర్లు విని బండి అడ్డం పెట్టారు. పిల్ల ఒంటి చెప్పుతో దిగింది. ఈ పిల్లేనండీ. అదుగో, ఆ చివర కూర్చుంది."

అందరూ తిరిగి చూశారు. చిన్నది కాళ్ళు కుర్చీ కిందకి లాక్కుంది.

"మమ్మల్ని జైల్లో పెడతామంటే మేం చీకట్లోకి పోతామండీ. చీకట్లో నంబరు కనపడదు."

చప్పట్లు. నిజంగా చప్పట్లు! షాపులవాళ్ళల్లో కూడా ఒకరిద్దరు —

చైర్మన్ మైకు దగ్గరికి లాక్కున్నాడు. గొంతు మెత్తగా ఉంది.

"అమ్మా, ఒక్క మాట. అంటే మీరే పక్కనుండి కారెక్కించి పంపిస్తారన్నమాట?"

"అవునండీ. నేను లేకుండా ఎక్కనివ్వను."

"రోజూనా?"

"జ్వరమొచ్చినా సరే."

"ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారా?"

"ఒకే గదండీ. ఒకే దుప్పటి అనుకోండి."

చైర్మన్ పక్కకి చూశాడు. పక్కనున్న గుమాస్తా రాసుకున్నాడు.

లాయరమ్మ కళ్ళు మూసుకుంది.

బయట మెట్ల మీద అక్క మొహం వెలిగిపోతోంది. "బాగా చెప్పానా?"

"బాగా చెప్పావు."

బాగానే చెప్పింది. అందుకే.

చట్టం వచ్చింది. ఒక లైను ఎక్కువై వచ్చింది.

ఇనప మెట్ల పైన, అదే గదిలో, లాయరమ్మ చదివింది. పక్కన నిలబడి చూసేవాళ్ళు, బండి గుర్తుపెట్టుకునేవాళ్ళు, ఎక్కించి పంపేవాళ్ళు — వీళ్ళంతా వ్యాపారం నడిపించేవాళ్ళ కింద లెక్క. రోడ్డు మీద నిలబడినవాళ్ళ కంటే వీళ్ళకే శిక్ష ఎక్కువ.

అక్క కాజా కుడుతోంది.

"మళ్ళీ చదువమ్మా."

మళ్ళీ చదివింది. సూది ఆగలేదు.

"అయితే నేను తార్చేదాన్నన్నమాట."

"చట్టం అలా అంటోందక్కా. కోర్టుకెళ్దాం. టైం పడుతుంది."

"పట్టనీ."

ఎవరూ ఏడవలేదు. ఎవరూ తిట్టలేదు. కోర్టు కాగితాల మీద ఒకరి తర్వాత ఒకరు సంతకాలు పెట్టారు. నినాదాల అట్టలు మంచం కిందకి తోశారు. టీ తాగారు. టీ వేడిగా ఉందో చల్లగా ఉందో చిన్నదానికి తెలియలేదు.

గదికొచ్చాక అక్క అంది.

"గొడుగు తీసుకురానులేవే. టైర్ల కొట్టు లోపల కూర్చుంటా."

"వద్దు."

"పళ్ళు అమ్ముతున్నట్టు నిలబడతా."

"నువ్వు పళ్ళమ్మడమా? సగం నువ్వే తినేస్తావు."

ఇద్దరూ నవ్వారు.

"నువ్వు జైలుకెళ్తే నన్నెవరు చూస్తారక్కా?"

"ఇప్పుడు మాత్రం ఎవరు చూస్తారే?"

చిన్నది చెప్పులేసుకుంది. తలుపు బయటినుంచి దగ్గరికి లాగింది. లోపల అక్క లేచిన చప్పుడు, మళ్ళీ కూర్చున్న చప్పుడు.

మలుపులో ఆడవాళ్ళు విడివిడిగా నిలబడ్డారు. ఒకరి పక్కన ఒకరు నిలబడితే ఇప్పుడు ఇద్దరికీ ప్రమాదం. అందుకని దూరం దూరంగా... ఒకరికొకరు తెలియనట్టు... చూసినా చూడనట్టు.

చిన్నదానికి భయం వెయ్యట్లేదు. వెయ్యాలి కదా అనుకుంది. చేతులు చూసుకుంది. ఎవరివో చేతుల్లా ఉన్నాయి.

కారు ఆగింది.

అద్దం కిందకి దిగింది. శుభ్రమైన చొక్కా. మామూలు మొహం. చిన్నది వంగి మాట్లాడింది. అతను వింటున్నాడు కానీ ఆమెని చూడట్లేదు. ఆమె భుజం మీదుగా టైర్ల కొట్టు వైపు చూశాడు. గోడ చివరిదాకా చూశాడు. తాపీగా చూశాడు.

"ఒక్కదానివేనా?"

మామూలుగానే అడిగాడు. టైమెంతైంది అని అడిగినట్టు.

చిన్నది అవునన్నా అవును. కాదన్నా అవును.

ఎక్కింది.

తలుపు పడింది. జుట్టు ఇంకా మొహం మీదే ఉంది. తీసుకోలేదు. అతను ఏదో నొక్కాడు — అద్దం మెల్లగా పైకి లేచింది... ఇంకాస్త పైకి... ఇంకాస్త...

గాలి ఆగిపోయింది.