మోకాలు లెక్కపెట్టిన మెట్లు

స్నానాల తొట్టి అంచున కూర్చుని, గ్రామఫోను రికార్డుల నడుమ అతికించిన గుండ్రటి పేర్ల కాగితాలను వెర్నెల్ తడిగుడ్డతో మెత్తబరుస్తోంది. గాడుల్లోకి నీళ్లు దిగకుండా గోటితో గీకి తీయాలి. ఏ రికార్డులో ఏ డప్పు ముక్క దాగుందో పాటల పోటీలో అవతలి జట్టువాళ్లు పేరు చదివి కొనుక్కుపోకూడదని మొగుడు రాస్కో హుకుం. ఆ డప్పు దెబ్బలమీదే అతను జతలు జతలుగా మాటలు పాడతాడు. ఐదేళ్లుగా ఆమె గోళ్లు అలా అరిగిపోతూనే ఉన్నాయి. ఒకసారి గోరు చిట్లి నెత్తురొస్తే అత్తగారు మిస్ ఒడెస్సా కుర్చీలోంచి కదలకుండానే అంది: "మగాడి పేరు బ్రాంక్స్ పేటంతా మోగుతోంటే నీ గోళ్ల గొడవేంటమ్మాయ్?"

మోగుతున్న మాట నిజమే. మోగేది ఎవరి మాటలనేదే వెర్నెల్ లోపల నలుగుతోంది. పగలంతా లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. యంత్రం దభీమని మూతపడి, బుస్సుమని తెరుచుకుంటుంది. ఆ రెండు దెబ్బల మధ్య మాటలు వాటంతటవే జత కలుస్తాయి. ఒక ఫిబ్రవరిలో లిఫ్టు ఆగిపోయి, సరుకుల సంచులు రెండు చేతులా మోసుకుంటూ పన్నెండో అంతస్తుకి ఎక్కొచ్చి, పొయ్యిమీద ఆకుకూర కలుపుతూ రొప్పుతూనే అంది:

"లిఫ్టు చచ్చి మూడు వారాలు, ఎవడికి పట్టింది?
పన్నెండంతస్తుల మెట్లు నా మోకాలు లెక్కపెట్టింది."

రాస్కో సోఫాలోంచి తల ఎత్తాడు. "ఏదీ, మళ్లీ అను?" అన్నాడు. ఆమె అంది. మళ్లీ మళ్లీ అంది. శనివారం హాల్లో అతను మైకు పట్టుకుని అదే అంటే జనం కుర్చీలెక్కి గంతులేశారు. ఆ చలికాలం సరుకుల సంచీ ఒక్కటైనా మోయనివాడు, మోకాలు పట్టుకుని మరీ కుంటి చూపించాడు. ఆ తర్వాత ఎన్ని జతలిచ్చిందో ఆమెకే లెక్క లేదు. ఎప్పుడైనా ఒక్కసారి, ఆ మైకులోనే, 'ఇది వెర్నెల్ కట్టింది' అంటాడని చూసింది. అడగలేదు. అడిగి లేదనిపించుకుంటే ఆ తర్వాత అదే మంచంమీద పక్కన పడుకోవడం ఎలాగో ఆమెకు తెలియదు. కూరలో ఉప్పుని ఎవరు మెచ్చుకుంటారులే అని సర్దుకుంది. పైగా అతనికి తెలుసుగా, మనసులోనైనా తెలుసుగా, అన్న ఒక్క నమ్మకమే ఆమెను నిలబెట్టింది.

ఈ శనివారం మధ్యాహ్నం పార్కులో పోటీ. దీపస్తంభం నుంచి కరెంటు లాగి స్పీకరు పెట్టెలు నిలబెట్టారు. పేర్లు ఊడిన రికార్డుల్లో ఏది ఏదో గీతల్ని బట్టి పోల్చేది వెర్నెల్ ఒక్కతే. అందుకే ఆమె బల్ల వెనకాలే నిలబడి ఒక్కొక్కటీ అందిస్తోంది. అవతలి జట్టు క్లియోఫస్ వంతు వచ్చింది. వాడు మైకు అందుకుని, "లిఫ్టు చచ్చి మూడు వారాలు..." అని ఎత్తుకున్నాడు.

రాస్కో చటుక్కున రికార్డు మీది సూది ఎత్తేశాడు. డప్పు ఆగిపోయింది. ఆ వీధుల్లో ఒకడి కోటు ఎత్తుకెళ్లినా కాళ్లావేళ్లా పడి బయటపడొచ్చుగానీ, ఒకడి చరణం కొరికితే, అంటే తనదన్నట్టు పాడేసుకుంటే మాత్రం క్షమాపణ లేదు. కొరికినవాడిది ఎంగిలి బతుకు, మళ్లీ వాడికి మైకివ్వరు. కిందటేడు అరచరణం కోసం రాస్కో తన ప్రాణస్నేహితుడి పెదవి పగలగొట్టాడు.

"ఏరా, నా నోట్లోది లాక్కుని తింటావా?"

"నీ నోట్లోదా?" క్లియోఫస్ పగలబడి నవ్వాడు. "మా అక్క నీ పెళ్లాం పక్కనే ఇస్త్రీ చేస్తుందిరా. నువ్వు పాడక ముందే ఆవిడ నోట విన్నదంట. దొంగసొత్తు ఎవడైనా తీసుకోవచ్చురా!"

జనం ఓహోమన్నారు. రాస్కో కూడా నవ్వాడు. "మా వెర్నెల్ పాట కట్టడమేంట్రా! సరుకుల చీటీ కూడా నన్నడిగి రాసుకుంటుంది. ఏమే, చెప్పు వీళ్లకి, ఎవరిదో."

వెర్నెల్ అతని ముఖంలోకి చూసింది. అక్కడ అబద్ధం కోసం వెతికింది. కంటి కొసన చిన్న జంకు, పెదవి మూల ఒక బతిమాలడం, 'ఈసారికి కాయవే' అనే సైగ, ఏదైనా దొరుకుతుందని చూసింది. ఏమీ లేదు. ఆ ముఖం పాలు తాగే పిల్లాడి ముఖంలా నిర్మలంగా ఉంది. అతను నిజంగానే మరిచిపోయాడు. పొయ్యి, ఆకుకూర, ఆమె రొప్పు, 'మళ్లీ అను' అన్న తన మాట, ఏదీ అతనిలో మిగల్లేదు. దొంగతో కాపురం చేస్తున్నానని సర్దుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ. దొంగకి కనీసం సొమ్ము ఎవరిదో గుర్తుంటుంది. ఇతని లెక్కలో ఆ రోజు వంటింట్లో అసలు మనిషే లేదు!

"చెప్పవే, నోరు పడిపోయిందా?"

ఆమె చేతిలోని రికార్డును బల్లమీద బోర్లించింది. బల్ల చుట్టూ నడిచి వచ్చి, ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఇద్దరూ నా ఎంగిలే తిన్నారు. మైకు ఇటివ్వు."