నల్ల మొలతాడు

అండమాన్ అడవిలో నూకన్నకు తెలియని చెట్టు లేదు. కళ్ళకు గంతలు కట్టి వదిలినా బెరడు వాసన చూసి చెట్టు పేరూ, ఆ చెట్టు తాత పేరూ చెప్పేవాడు. మొసళ్ళు దారి తప్పితే అతన్ని అడిగే ఇళ్ళకు వెళ్ళేవి. ఇవన్నీ నూకన్న సొంత నోటితో అన్న మాటలు. నేను చిటికెడు ఉప్పు కూడా కలపకుండా వడ్డిస్తున్నాను. కథ పొడుగునా అంతే, ఒక్క ముక్క కూడా నా సొంతం ఉండదు.

అయితే సునామీ వచ్చిన తర్వాత నూకన్న కోతలు ఆగిపోయాయి. అల అతని పడవను తీసుకుపోయింది, వలను తీసుకుపోయింది, కొడుకు శ్రీనును తీసుకుపోయింది. నాలుగు నెలలు గడిచాక, తుష్నాబాద్ దారిలో గట్టు మీద వేసిన రేకుల షెడ్లలో తొమ్మిదో గది అతనికి ఇల్లయింది. ఆ గదిలో అతనూ, భార్య కామమ్మా, కోడలు రామలక్ష్మీ, శ్రీను కూతురు మంజూ ఉండేవారు. మంజుకు రెండున్నరేళ్ళు. శ్రీను ముక్కూ, శ్రీను మొండితనమూ భూమ్మీద ఇంకెక్కడా మిగల్లేదు, ఆ పిల్లలో తప్ప.

నేల అప్పటికీ ఊరుకోలేదు. వారానికోసారి వణికేది. రేకులు గలగలమనగానే షెడ్డులోని పిల్లలంతా ఒక్కసారే ఏడుపు లంకించుకునేవారు. మంజు ఏడ్చేది కాదు, నోరు తెరిచి ఊపిరి బిగబట్టేది. 

"సంద్రం కన్ను పడ్డాది దీని మీద," అంది కామమ్మ. "తండ్రిని ఒగ్గీనేదు, దీన్ని ఒగ్గుతాదా? ఒక్క జీడిగింజుంటే మొలకి కట్టీద్దును."

దిష్టి తగలకుండా పసిపిల్లల మొలతాడుకు నల్లజీడి గింజ కట్టడం వాళ్ళు భీమిలి తీరం నుంచి తెచ్చుకున్న అలవాటు. కామమ్మ దగ్గర పాత గింజలు అరడజను ఉండేవి. మూడు తరాల పిల్లల నడుములు తిరిగి, ఎండి రాళ్ళైపోయిన గింజలు. వాటినీ డబ్బాతో సహా అల మింగేసింది.

"గింజే కదేటి? అడవంతా నాది," అని నూకన్న కత్తి పట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఒడి నిండా కాయలతో వచ్చాడు. జీడి లాంటి చెట్టు, జీడి లాంటి ఆకు, జీడి లాంటి గింజ. కోసినచోట పాలు కారి, గాలి తగలగానే నల్లబడ్డాయి. అది చూసి అతని అనుమానం తీరిపోయింది. ఊళ్ళో చాకళ్ళు బట్టలకు గుర్తు పెట్టేది అలాంటి రసంతోనే.

ఇక తాడు. సాయంలో వచ్చిన వలతాడు తెల్లగా ఉంది. తెల్లతాడు కడితే దిష్టి భయపడదు, నవ్వుకుంటూ పక్కన కూర్చుంటుంది. అందుకని రెండు గింజలు రాయి మీద చితక్కొట్టి, ఆ రసం పూసి తాడును నల్లగా నిగనిగలాడించాడు. మంజుకు ఒకటి కట్టాడు. అదే షెడ్డులో ఉండే బంగారురాజు కొడుక్కి ఒకటి, కాళమ్మ మనవరాలికి ఒకటి అడగకుండానే కట్టాడు.

మూడో రోజున మంజు కుడిపక్క నడుము మీద ఎర్రని దద్దు లేచింది. నాలుగో రోజుకు అందులో నీటిపొక్కులు. పిల్ల గోకి గోకి గోళ్ళ నిండా రక్తం చేసుకుంది.

రేకుల వేడి అన్నారు కొందరు. కొత్త బోరు నీళ్ళు అన్నారు ఇంకొందరు. దుప్పట్లలో ఏదో ఉందన్నారు. ఆ వేడీ, ఆ నీళ్ళూ, ఆ దుప్పట్లూ అందరివీ. దద్దు మాత్రం ముగ్గురు పిల్లలకే వచ్చింది. ముగ్గురికీ నడుము మీదే.

పదకొండో గది కాళమ్మ తన మనవరాలి దద్దు చూసుకుని వచ్చి, మంజు గౌను కూడా ఎత్తి చూసింది. ఆమె మొహం మాడిపోయింది.

"ఒలమ్మా, ఇది సర్పి. పాములాగ నడుం చుట్టూ పాకతాది. తలా తోకా కలిసినాయంటే మరి మనిషి దక్కదు. మా చిన్నాన్న అలాగే పోనాడు."

"నీ నోట్లో మన్నెయ్య," అంది కామమ్మ. మంజు గౌను కిందికి లాగేసింది.

ఆ రోజు నుంచి తొమ్మిదో గదిలో గడియారం అక్కర్లేకపోయింది. పొద్దున్నే నూకన్న మనవరాల్ని వెలుగులో నిలబెట్టి, దద్దు రెండు కొసల మధ్య వేళ్ళు పెట్టి చూసేవాడు. సోమవారం నాలుగు వేళ్ళు. మంగళవారం మూడు. సర్పికి మందని కామమ్మ ఎర్రటి కావిరాయి అరగదీసి పూసింది. రామలక్ష్మి అన్నం ముందు కూర్చునేది, లేచేది. ఇరుగుపొరుగు తమ పిల్లల్ని లోపల పెట్టుకుని తలుపులు వేసుకున్నారు. నీళ్ళ దగ్గర రామలక్ష్మి బిందె పెడితే, మిగతా బిందెలు దూరం జరిగేవి.

"తాడు వెలిసిపోనాది. అందుకే పని సెయ్యట్నేదు," అన్నాడు నూకన్న. రోజుకో గింజ చితక్కొట్టి, వెలిసినచోటల్లా మళ్ళీ నలుపు పూశాడు.

బుధవారం రెండు వేళ్ళు.

నూకన్నకు ఇంకో భయం కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. అతని కుడి బొటనవేలూ, చూపుడువేలూ పొంగి పొక్కులు లేచాయి. సర్పి తన దాకా వచ్చిందనుకున్నాడు. షెడ్డులో తెలిస్తే తన వాళ్ళందర్నీ గట్టు కిందికి, సముద్రం పక్కకు తోసేస్తారు. అందుకే చేతికి తువ్వాలు చుట్టుకుని, వల అల్లుతుంటే చెయ్యి తెగిందని అబద్ధం చెప్పాడు. అల్లడానికి వల ఎక్కడుందని ఎవరూ అడగలేదు.

శుక్రవారం ఒక వేలు మిగిలింది. ఆ రోజే, వారానికోసారి షెడ్లకు వచ్చి మందులిచ్చే నర్సు వాసవి వచ్చింది. పట్నంలో డైరీ ఫార్మ్ అనే పేటలో పుట్టిన తెలుగు పిల్ల, నోట్లో మాట సగం హిందీ.

"ఇది మీరనే సర్పి, హెర్పిస్ లా లేదు తాతా. ఇంత చిన్న పిల్లకి, ముగ్గురికి ఒకేసారి? అజీబ్ హై, వింతగా ఉంది. పెద్దాస్పత్రికి రాసిస్తాను. ఇక్కడ అంగూఠా, వేలిముద్ర పెట్టు."

నూకన్న ఎడమచేతి బొటనవేలు చాచాడు.

"పోయిన వారం కుడిది పెట్టావు కదా?"

"ఎడమదీ నాదే కదమ్మా. అద్దెకి తెచ్చీనేదు."

"దిఖావో," అని వాసవి తువ్వాలు లాగేసింది. పొక్కుల్ని చూసింది. మంజు నడుం వైపు చూసింది. మళ్ళీ ఆ రెండు వేళ్ళ వైపు చూసింది. "ఈ రెండు వేళ్ళతో ఏం పని చేస్తావు తాతా?"

"ఏం పనుందమ్మా నాకిప్పుడు? ముడి..." అని ఆగిపోయాడు.

ముడి వేశాడు. మూడు ముళ్ళు, ముగ్గురు పిల్లలు. రసం పూసింది ఆ వేళ్ళతోనే. వెలిసినచోట పూసినప్పుడల్లా దద్దు అక్కడికి పాకింది. నూకన్న చెవుల్లో సముద్రం హోరు వినబడింది.

మూలనున్న కాయను వాసవికి చూపించాడు. ఆమె ముట్టుకోలేదు. "అరే బాప్ రే! దీని పాలు పడితే ఒళ్ళు కాలిపోతుంది. అడవిలో చెట్లు కొట్టే కూలీలు ఈ చెట్టుని దూరం నుంచే దాటిపోతారు. ఆ తాడు కోసేయ్, అభీ, ఇప్పుడే!"

కామమ్మ అడ్డం పడింది. "మొలతాడు కొయ్యడమా! బతికున్న పిల్లకా? శవానికి కోత్తారు మొలతాడు! ఒక్క వేలే ఉంది, అది కూడా పోగొట్టీకు!"

నూకన్న రామలక్ష్మి వైపు చూశాడు.  ఆమె పిల్లను ఎత్తి, గౌను పైకి పట్టుకుంది.

"కొయ్యి మావా," అంది.

వల కోసే కత్తి తాడు కిందకు దూరింది. మంజు నోరు తెరిచి ఊపిరి బిగబట్టింది. తాడు తెగి నేల మీద పడింది. పిల్ల కదల్లేదు. కామమ్మ తల పట్టుకుని కూలబడింది. అప్పుడు మంజు ఊపిరి వదిలి, గింజ కోసం చెయ్యి చాచి, అది ఇవ్వలేదని షెడ్డు అదిరేలా ఏడ్చింది. అల తర్వాత ఆ పిల్ల గొంతు విప్పడం అదే మొదలు.

మిగతా రెండు తాళ్ళూ సాయంత్రంలోపు నూకన్నే కోశాడు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, తప్పు తనదేనని చెప్పాడు. కాళమ్మ తిట్టిన తిట్లు వారం సరిపడా ఉన్నాయి. మూడు వారాల్లో పొక్కులు ఎండాయి. మంజు నడుం చుట్టూ నల్లని గీత మిగిలింది.

తర్వాత ఎవరైనా అడవి సంగతి అడిగితే నూకన్న నవ్వేవాడు. "నాకు తెలిసిన చెట్టు ఒక్కటే బాబూ, కొబ్బరి. అది కూడా కాయుంటేనే."

ఇక నా వంతు. ఒక్క ముక్క కలపలేదన్నాను కదా, కలిపాను. ఆ శుక్రవారం మిగిలిన ఒక వేలు నా కల్పన, కామమ్మ నోట పెట్టిన "ఒక్క వేలే ఉంది" కూడా. మొదటి నుంచి మీరూ ఆ వేళ్ళు లెక్కపెడుతున్నారు, భయపడతారని ఒక వేలు మిగిల్చాను. నిజానికి తలా తోకా గురువారమే కలిసిపోయాయి. నూకన్న చూశాడు, కామమ్మ చూసింది, రామలక్ష్మి చూసింది. ముగ్గురిలో ఒక్కరూ ఇంకొకరికి చెప్పలేదు.