వెంట్రుకవాసి

లేత్ మీద తిరుగుతున్న ఇత్తడి ముక్క బొటనవేలి గోరంత ఉంది. లేత్ నడిపే టర్నర్ దాని మీదికి వంగి, ఊపిరి బిగబట్టి, ఉలిని ముందుకు జరిపాడు. సన్నటి రజను రాలి ముంజేతి వెంట్రుకలకు అంటుకుంది. పొద్దుటి నుంచీ పంపుల ఇరుసులు చేసి చేసి నడుము పట్టేసింది. భోజనాల బెల్లు మోగాక మిగిలే అరగంటే ఈ బొమ్మ రైలింజనుది. పదకొండేళ్లుగా అంతే.

"చీమలకి రైలు కడుతున్నావటయ్యా?" అన్నాడు మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ.

"చీమలైతే తొందరపెట్టవు కదండీ."

షెడ్డులో అందరూ అతన్ని వెంట్రుకవాసి అంటారు. ఏ ముక్క చూపించినా "ఇంకో వెంట్రుకవాసి తియ్యాలి" అంటాడని. నిజానికి ఆ మాట బావది. బావ ఆవిరి ఇంజన్లు నడిపిన డ్రైవరు. పెళ్లీ పెటాకులూ లేని బావమరిదిని ముప్పై ఏళ్లుగా వెనకగదిలో ఉంచుకున్నాడు, ఈ పనిలో పెట్టించిందీ అతనే. తన ఇంజన్ను మూరెడు పొడవునైనా మళ్లీ చూడాలని, కళ్లు బాగున్న రోజుల్లో కాగితాల మీద గీసిచ్చాడు. ఇవాళ్టి ఈ ఇత్తడి పిస్టన్‌తో చక్రాలు కదలాలి. బావ ఊపిరితిత్తులు ఇక పనికిరావని డాక్టరు చెప్పి రెండు వారాలైంది.

సాయంత్రం అక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది. "వాడొచ్చాడా, వాడొచ్చాడా అని మీ బావ ఒకటే గొడవ. వెళ్లు ముందు."

కాళ్లు కూడా కడుక్కోకుండా మంచం దగ్గరికి వెళ్లాడు. బావ పిస్టన్‌ను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. తలగడ పక్కనున్న బొమ్మ ఇంజను సిలిండరులో పెట్టి నొక్కాడు. సగంలో ఆగింది.

"బిగువుగా ఉందిరా."

"కావాలనే ఉంచా బావా. ఎక్కువ తీస్తే మళ్లీ అతికించలేంగా."

"వెంట్రుకవాసి తీసి పట్రా. తొందరపడి పాడుచేసేవు."

వెనకగదిలో గరుకు ఎమరీ కాగితానికి నూనె రాసి, పిస్టన్‌ను దాని మీద తిప్పుతూ కూర్చున్నాడు. కళ్లు నీళ్లు కారాయి. భుజాలు లాగాయి. అయినా తొందరపడలేదు. పావుగంట పట్టింది.

వచ్చేసరికి బావ తల గోడవైపు వాలి ఉంది. నిద్ర పాడుచేయడమెందుకని అతనే స్టూలు మీద కూర్చుని, సిలిండరు అడుగున వేలు మూసి, పైనుంచి పిస్టన్ వదిలాడు. అది పడిపోలేదు, ఆగిపోలేదు. లోపలి గాలిని నొక్కుకుంటూ నెమ్మదిగా, చాలా నెమ్మదిగా కిందికి జారింది. ముప్పై ఏళ్లలో అంత కచ్చితంగా అతను ఏదీ చేయలేదు.

"బావా, దిగింది."

బావ చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది కానీ, తిరిగి పట్టుకోలేదు.

వంటింట్లోంచి అక్క అడిగింది. "ఏమంటాడ్రా? సరిపోయిందటా?"

"సరిపోయిందక్కా," అన్నాడు. "నువ్వొకసారి ఇటు రా."

ఇరుగుపొరుగు వచ్చి బావను కిందికి దించుతుంటే, దిండు కింద నుంచి ఒక కాగితం జారిపడింది. చూపు ఆనని కళ్లతో పెన్సిలుతో గీసిన, ఇంకా చేయాల్సిన ఇంజను ఈల. గీతలు ఒకదాని మీదొకటి ఎక్కాయి. కొలతలు వేయాల్సిన చోట బాణం గుర్తులే ఉన్నాయి, అంకెలు లేవు.